కోతుల పేరు చెప్పి కొట్టిన మేకులు

జర ఓపిక పట్టయ్యా, అప్పుడే ఏమైంది? ఇంకా తలకాయ దిక్కు సున్నమే ఎయ్యలే. బతికున్నప్పుడు అంతే, పోయినంక అంతే. అన్నీ జల్దీ కావాలె నీకు.

ఈ యేడు వానలు మస్తు కొట్టినయ్. చూడు, నీ మీద ఎంత పాకురు పట్టిందో! గీకి గీకి నా గోళ్ళు అరిగినయ్. రేపు ఆత్మల పండుగ. ఊరంతా వస్తది. ఫాదర్ ఒక్కొక్క సమాధి కాడ తీర్థం చల్లుకుంట వస్తడు. గప్పుడు ఆంథోని సమాధి ఒక్కటే నల్లగ కనపడితే ఎవర్నంటరు? నన్నే గదా. "నీ మొగడు నిన్ను కండ్లల్ల పెట్టుకొని చూసుకున్నడు సంపూర్ణా, ఒక్క డబ్బా సున్నానికి కరువొచ్చిందా" అంటరు. అంటరా, అనరా?

అవ్, గదే చెప్పొస్తున్న. ఆ కండ్లల్ల పెట్టుకునే ముచ్చటే.

మన బిడ్డ బ్లెస్సీ కొవ్వొత్తులు, బంతిపూలు తెస్తనని బజారుకు పోయింది. ఓ అరగంటల వస్తది. అది వచ్చేలోపల నీతోని మాట్లాడేదుంది. మధ్యల అడ్డం రాకు. ఇరవై ఏండ్లు నువ్ మాట్లాడినవ్, నేను విన్న. ఇయాల నువ్ ఇను.

రేపు ఆదివారం గూడ. ఆదివారం, పండుగ ఒక్కనాడే పడ్డయ్. రేపు పొద్దుగాల పూజల మన బ్లెస్సీ పెండ్లి ప్రకటన మూడోసారి చదువుతరు. రెండు ఆదివారాలు అయిపోయినయ్. "చండ్రుగొండ వాసి క్రిస్టోఫర్, కీర్తిశేషులు ఆంథోని గారి కుమార్తె బ్లెస్సీ, వీరి వివాహానికి అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవలెను" అని చదివిండు ఫాదర్. మొదటి ఆదివారం ముందు బెంచీల కొత్త చీర కట్టుకొని కూసొని నవ్విన. రెండో ఆదివారం గూడ నవ్విన. పక్కనున్నోళ్ళు మోచేత్తో పొడిస్తే సిగ్గు గూడ పడ్డ, నా పెండ్లే అన్నట్టు.

మూడో ఆదివారం అంటే నాకు భయమైతందయ్యా.

నిన్న చండ్రుగొండ పోయినం. క్రిస్టోఫర్ కొత్తగ ఇల్లు కట్టిండు గదా, పెండ్లికి ముందు ఒకసారి చూడమని పిలిచిండు. పోరడు మంచోడే. నేను కాదంటలేను. తాగడు, తిరగడు. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు పెట్టుకున్నడు. "అత్తమ్మా, జాగ్రత్త, మెట్టు ఉంది" అని నా చెయ్యి పట్టుకొని ఇంట్లకు తోల్కపోయిండు. వంటిల్లు చూపెట్టిండు, మంచిగుంది. స్నానాల గది చూపెట్టిండు, మంచిగుంది. ఇగ పడకగది. గులాబీ రంగు గోడలు, తలుపంత టీవీ, పైన ఏసీ. అన్నీ ఉన్నయ్. ఏదో లేదు. ఏం లేదో నాకు సమజైతలేదు.

"బాబూ, కిటికీ ఏది?" అన్న.

"ఆడనే ఉండె అత్తమ్మా. రోడ్డు దిక్కుంది, పోయేటోడు వచ్చేటోడు చూస్తడని ఇటుకలు పెట్టి మూయించిన. ఏసీ ఉంది గదా, బ్లెస్సీకి కిటికీతోని ఏం పని?"

నవ్వుకుంటనే చెప్పిండు. గోడ మీద చెయ్యి పెట్టి చూసిన. సిమెంటు ఇంకా చల్లగనే ఉంది.

నీ బిడ్డ ఏం చేసిందో ఎర్కేనా? చప్పట్లు కొట్టింది! "మమ్మీ, అచ్చం నల్లమద్ది బంగ్లా లెక్కనే ఉంది గదా!" అని ఆ పోరని భుజం మీద తలకాయ పెట్టింది.

నల్లమద్ది బంగ్లా. యాదికుందా నీకు ఆ సీరియల్? ఉంటది, ఎందుకుండదు. సెకండ్ షిఫ్టు లేని వారాలల్ల నువ్ గూడ మా ఎనక కుర్చీ ఏసుకొని చూసేటోడివి. నువ్ పోవుడుకు రెండేండ్ల ముందు మొదలైంది. అడవి నడుమ పాత బంగ్లా, ఎప్పుడు చూసినా ఉరుములే. మన అడవుల ఆషాఢంల గూడ అన్ని ఉరుములు ఉరమవు. గోడకు మొదటి పెండ్లాం ఫోటో, ఆ ఫోటో కండ్లల్లకెళ్ళి నీళ్ళు కారుతయ్. రుద్రేశ్వర్ అని ఆ బంగ్లా దొర. చంద్రిక అని ఆ పిల్ల. పిల్లను గదిల పెట్టి తాళం ఏస్తడు, కిటికీలకు పలకలు కొట్టిస్తడు, తలుపవతల తనే కూలబడి ఏడుస్తడు. "నిన్ను గాలి తాకినా నేను ఓర్చుకోలేను చంద్రికా" అంటడు. ఆ ఒక్క మాట మూడుసార్లు చూపెట్టిండ్రు, ఎదురుంగ ఒకసారి, పక్కకెళ్ళి ఒకసారి, పై నుంచి ఒకసారి. నేను మూడుసార్లు ఏడ్చిన.

ఎందుకేడ్చిన్నో నీకు తెల్వదు. మన ఇంటి ముచ్చట టీవీల వచ్చిందని ఏడ్చిన. గంత అందమైన పిల్ల, గన్ని నగలు పెట్టుకొని, నా లెక్కనే గదిల కూసున్నదని ఏడ్చిన. అప్పటిదాంక మన ఇంట్ల ఉన్నదాని పేరేందో నాకు తెల్వదయ్యా. సీరియలోళ్ళు చెప్పిండ్రు, దాని పేరు ప్రేమ అని. అమ్మయ్య అనుకున్న. పేరు దొరికితే మనిషికి ఎంత నిమ్మళం!

పేరు దొరికింది గదా, ఇగ ఊకుంటనా? పక్కన కూసున్న పిల్లకు చెప్పిన. "చూసినవా బిడ్డా, మీ డాడీ ప్రేమ గూడ గిట్లనే." పదమూడేండ్ల పిల్ల. నోరు తెరుచుకొని విన్నది. ఒక్కసారి చెప్పిన్నా? పూటకోసారి చెప్పిన. నువ్ పోయినంక ఇంకా ఎక్కువ చెప్పిన. పోయినోళ్ళను మంచిగ చెప్పాలె గదా.

కిటికీ ముచ్చట ఒక్కటే చెప్పలే.

ఏ కిటికీ అంటవా? మన కంపెనీ క్వార్టర్ కిటికీ, రోడ్డు దిక్కుది. పిల్లకు అప్పుడు నాలుగేండ్లు. నువ్ ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చేసరికి నేను కిటికీ కాడ నిలబడి హేమ్లితోని నవ్వుతున్న. తండా నుంచి కూరగాయల గంప ఎత్తుకొని వచ్చేది గదా, ఆ హేమ్లి. దాని మాటలకు సచ్చినోడు గూడ నవ్వుతడు. ఆ రోజు ఏమన్నదో నాకిప్పుడు యాదికి గూడ లేదు. నవ్విన, గంతే.

ముఖం కడుక్కోలే, అన్నం తినలే. సైకిల్ తిప్పుకొని పోయినవ్, మేకులు తెచ్చినవ్. రెక్కలు మూసి టక్కు టక్కుమని కొట్టినవ్. పదకొండు. ప్రతి దెబ్బకు పిల్ల ఉలిక్కిపడుతుంటే నేను దాని చెవులు మూసిన. అంతా అయినంక నా చెంప నిమిరి, "నీ నవ్వు నా ఒక్కడికే ఉండాలె సంపూర్ణా" అన్నవ్. మాపటికి పావుకిలో జిలేబీ తెచ్చినవ్. నేను తిన్న. తిన్ననయ్యా, తియ్యగనే ఉండె.

ఇరుగుపొరుగోళ్ళు అడిగిండ్రు, "కిటికీకి ఏమైంది అక్కా?" అని. "కోతులు వస్తున్నయ్, పిల్లను కరుస్తయని ఆయన మేకులు కొట్టిండు" అన్న. కోతులకు ఏమన్న కరువా మన దిక్కు? అందరు నమ్మిండ్రు. నవ్వొస్తది చెప్తే, పక్క క్వార్టరామె గూడ మొగని మీద పడి "ఆంథోనన్నకున్న బుద్ధి నీకు లేదు" అని కొట్లాడి తన కిటికీకి గూడ కొట్టిపిచ్చుకున్నది. రెండు నెలలకు ఉక్క ఆగలేక వాళ్ళు పీకేసుకున్నరు. మనది పదకొండేండ్లు ఉండె.

హేమ్లి మాత్రం నమ్మలే. దానికి తెలుసు. పొద్దుగాల రోడ్డెంట పోయేటప్పుడు ఆ చెక్క మీద రెండుసార్లు తట్టి పోయేది. టక్, టక్. ఉన్నవా అన్నట్టు. నేను లోపల నుంచి ఒక్కసారి తట్టేదాన్ని. నువ్ ఇంట్ల ఉన్న రోజు తట్టేదాన్ని కాదు. అవ్, అది నీకు ఇప్పుడే తెలుస్తంది. కోపం చేసుకుంటవా? చేసుకో. ఏం చేస్తవ్, లేచొచ్చి ఇంకో మేకు కొడతవా?

లేదయ్యా, నువ్ చెడ్డోడివి అంటలేను. నాకు జరం వస్తే మూడు రోజులు నాగా పెట్టి కాళ్ళు పిసికినవ్. ఒక్క దెబ్బ కొట్టలే. కొట్టినా బాగుండు, చూపెట్టుకునేదాన్ని. నాకు చూపెట్టుకోను ఏం లేకపోయె. ఏన్కూరుల మా అమ్మ సచ్చిపోతే మట్టి ఏసిన అరగంటకు నన్ను బస్సెక్కించినవ్. మా తమ్ముడు బస్సు ఎంట ఉరికొచ్చి, "అక్కను మూడో దినం దాంక ఉంచు బావా" అని మొత్తుకుంటే, "సంపూర్ణ లేకపోతే నాకు ముద్ద దిగదురా" అన్నవ్. బస్సుల ఆడోళ్ళందరు నా దిక్కు చూసిండ్రు, ఎంత అదృష్టవంతురాలివి తల్లీ అన్నట్టు. నేను గూడ తల ఎత్తుకొని కూసున్న. అమ్మ కోసం ఏడ్వాలె గదా, అది గూడ మర్చిపోయిన.

ఇగ నీ అల్లుని ముచ్చట ఇను.

బ్లెస్సీ భద్రాచలంల నర్సు పని చేస్తది గదా, ఓ ప్రైవేటు దవాఖానల. మొన్న వానాకాలం గోదారి మూడో హెచ్చరిక దాటింది. బస్సులు బందు. పిల్లకు డ్యూటీ, పేషెంట్ల నడుమ ఫోన్ ఎత్తలే. రెండు గంటలు. ఈ పోరడు చండ్రుగొండ నుంచి బండి మీద ఉరికి, నీళ్ళు అడ్డమొస్తే ఎవరిదో ట్రాక్టరెక్కి, నడుముల దాంక తడిసి, దవాఖాన ముందట నిలబడ్డడు. నాకు ఫోన్ చేసి చెప్పింది పిల్ల. నేను ఇరగపడి సంబరపడ్డ! మహిళా సంఘంల చెప్పిన, పని కాడ క్యాంటీన్ల చెప్పిన, ఫాదర్‌కు గూడ చెప్పిన. "గోదారి ఈదుకుంట వచ్చిండు మా అల్లుడు" అన్న. ఈదింది లేదు పాడు లేదు, నేనే కలిపిన.

పిల్ల ఫోన్ల అరవై ఒక్క మిస్డ్ కాల్స్ ఉన్నయ్. అది గూడ నాకు చెప్పింది. నేను దాన్ని ఇనిపిచ్చుకోలే. వాడు వచ్చింది పిల్ల మునిగిపోతదని కాదు. ఫోన్ ఎత్తకపోతే ఎవరి పక్కన ఉన్నదో చూడనీకి వచ్చిండు. వచ్చినోడు క్షేమమేనా అని అడగలే. "డ్యూటీల నీతోని ఇంకెవరున్నరు?" అన్నడంట మొదటి మాటే.

అప్పటి నుంచి రోజూ పోయి ఓపీ కాడ బెంచీల కూసుంటున్నడు, షాపు ఇడిసిపెట్టి. ఇప్పుడు నౌకరీ వద్దంటున్నడు. పిల్ల రాజీనామా కాయితం రాసి సంచిల పెట్టుకున్నది, సోమవారం ఇస్తదంట. నాలుగేండ్లు చదివింది ఆ చదువు. నీ పైసలతోని కాదు, నా పైసలతోని కాదు, అది రాత్రింబవళ్ళు చదివి సంపాయించుకున్న సీటు.

నిన్న వచ్చేటప్పుడు బస్సుల చెప్పిన. ధైర్యం చేసి చెప్పిన. "బిడ్డా, ఈ సంబంధం వద్దు" అన్న. నా ముఖం చూసింది, నాకు పిచ్చి లేసిందా అన్నట్టు. "ఎందుకు మమ్మీ?" అన్నది. కిటికీ అన్న. నవ్వింది. "డాడీ నిన్ను ఎక్కడికన్న పోనిచ్చిండా? నువ్వే గదా అది ప్రేమ అన్నవ్? నీకు దొరికింది, నాకు దొరకొద్దా?" అన్నది.

నీకు దొరికింది, నాకు దొరకొద్దా. గీ మాట నా గుండెల దిగింది. గదే మేకు అయ్యా. ఆ మేకు నువ్ కొట్టింది కాదు. నేను కొట్టింది.

పొద్దుగాల ఫాదర్ కాడికి పోయిన. కాళ్ళ మీద పడినంత పని చేసిన. "రేపు చదవకండి ఫాదర్" అన్న. ఆయన పాపం, కుర్చీల కూసోబెట్టి నీళ్ళిచ్చి అడిగిండు. పిల్లగానికి ఇంతకుముందు పెండ్లయిందా? లేదు. జ్ఞానస్నానం లేదా? ఉంది. మీకు రక్తసంబంధమా? కాదు. మరి అభ్యంతరం ఏందమ్మా? "ఎక్కువ ప్రేమ ఫాదర్" అన్న. ఆయన పెన్నుకు మూత పెట్టిండు. గట్ల రాసుకోను ఆ కాయితంల గడి లేదంట. "పిల్ల నోటితోని వద్దంటే ఈ నిమిషం ఆపుతా సంపూర్ణమ్మా. పిల్ల అనాలె" అన్నడు.

పిల్ల అనాలె. పిల్ల ఎట్లంటది? సీరియల్ చూసి పెరిగిన పిల్ల. ఆ సీరియల్ ఎట్ల అయిపోయిందో నీకు తెల్వదు గదా, నువ్ పోయినంక గూడ మూడేండ్లు నడిచింది. ఆఖరికి అంతా మేనత్త చేసిందని తేల్చిండ్రు. మొదటి పెండ్లానికి విషం పెట్టింది ఆమెనట, రుద్రేశ్వర్‌కు పిచ్చి పట్టించింది ఆమెనట. ఆమెను పోలీసులు తోల్కపోంగనే బంగ్లా కిటికీలన్నీ వాటంతటవే తెరుచుకున్నయ్, వెలుగు లోపలికొచ్చింది, దొర మోకాళ్ళ మీద కూసున్నడు, చంద్రిక క్షమించింది. బ్లెస్సీ అది ఇప్పటికి ఫోన్ల పెట్టుకొని చూస్తది. మన ఇంట్ల మేనత్త ఎవరు? ఎవరి మీద తోసెయ్యాలె నేను?

మన కిటికీ దానంతటది తెరుచుకోలే.

ఇగ చెప్తున్న. తొమ్మిదేండ్లు దాచిన, ఫాదర్ కాడ పాపసంకీర్తనల గూడ చెప్పలే. నువ్ డ్యూటీ దిగి సైకిల్ స్టాండ్ కాడ పడిపోయినవని, గుండె ఆగిందని మనుషులొచ్చి చెప్పిండ్రు గదా. నిన్ను ఇంకా ఇంటికి తేలే. దవాఖానల ఉన్నవ్. అందరు నన్ను పట్టుకుందామని చేతులు చాపిండ్రు. నేను లోపలికి పోయిన. వంటింట్ల నుంచి సుత్తె తీసుకున్న. ఒక్కొక్క మేకు పీకిన. తుప్పు పట్టి గట్టిగున్నయ్, నా చెయ్యి చీరుకపోయింది. పదకొండోది ఊడినంక రెక్కలు తోసిన. బయట హేమ్లి నిలబడి ఉండె, గంప కింద పెట్టి. ముచ్చట తెలిసి ఉరికొచ్చినట్టుంది. లోపలికి రాలే. నన్ను చూసి అదే ఏడ్చింది.

నేను ఏడ్వలే ఆంథోనీ. నిన్ను తెచ్చి నట్టింట్ల పండబెట్టినంక అందరి ముందట ఏడ్చిన, మంచిగనే ఏడ్చిన. కానీ మొదలు నేను చేసింది గాలి పీల్చుడు.

ఎనక తిరిగితే తలుపు కాడ బ్లెస్సీ. పదిహేనేండ్ల పిల్ల, బడి బట్టల మీదనే. నా చేతుల సుత్తె చూసింది. ఇయాల్టి దాంక అడగలే. నేను చెప్పలే.

గీ డబ్బా చూస్తున్నవా? కొంగుల ముడేసుకొచ్చిన. చిన్న హార్లిక్స్ డబ్బా, దాంట్లనే ఉన్నయ్ మేకులన్నీ. పారేద్దామని మస్తుసార్లు అనుకున్న. ఎందుకు దాచిన్నో నాకే తెల్వకపోయె. నిన్న ఆ చల్లటి గోడ మీద చెయ్యి పెట్టినంక తెలిసింది.

నువ్ నాకు అనుమతి ఇయ్యకున్నా సరే. దానికి నువ్వంటే పానం. నీ ఫోటోకు దండం పెట్టనిది డ్యూటీకి పోదు. ఈ ముచ్చట ఇన్నంక నీకు దండం పెట్టకపోవచ్చు. నాతోని మాట్లాడకపోవచ్చు. ఇన్నేండ్లు అబద్ధమెందుకు చెప్పినవే అని అడుగుతది. అయినా చెప్తా.

అగో, వచ్చింది. గేటు కాడ ఆటో దిగింది. చూడు, ఒక చేతుల పూల సంచి, ఒక చేతుల ఫోన్. ఆ ఫోన్‌ను గట్ల గుండ్రంగ ఎందుకు తిప్పుతందనుకున్నవ్? పక్కన ఎవరు లేరని వానికి వీడియోల చూపెడుతంది. సమాధులన్నీ చూపెడుతంది. సచ్చినోళ్ళే ఉన్నరు బాబూ ఈడ, నిమ్మళంగ ఉండు.

దా బిడ్డా, కూసో. ఫోన్ పెట్టేయ్. లేదు, పెట్టేయ్. డాడీ కాడికి వచ్చినమని చెప్పి పెట్టేయ్... చెయ్యి చాపు. తుప్పు మేకులు, జాగ్రత్త.

అవ్, మన కిటికీయే. కాదు బిడ్డా. కోతులు కాదు. ఒక్క కోతి గూడ రాలే ఏనాడూ.

నీకు యాదికుందా, డాడీ పోయిన రోజు నా చేతుల సుత్తె?

చూస్తున్నవా ఆంథోనీ, ఏడుస్తలేదు. మేకులు ఒక్కొక్కటి సమాధి మీద పెట్టుకుంట లెక్కబెడుతంది, తడి సున్నం మీద. నీ మీద. ఫోన్ మోగుతంది. ఆగింది. మళ్ళ మోగుతంది. దాని చెయ్యి ఫోన్ దిక్కు పోయింది... పోయి, ఆగింది.

ఎనిమిది. తొమ్మిది.

మోగనియ్ బిడ్డా. అరవై ఒక్కసార్లు మోగనియ్. నేను ఈడనే ఉన్న.